గొంతునొప్పియు గుండెజబ్బును



నేను వైద్యుఁడను గాను. ముప్పదియైదేండ్లు పల్లెబడులలో పిల్లలకు ఎక్కములును, వ్యాకరణమును చెప్పి విశ్రాంతి గైకొన్నవాఁడను. ఇట్టివానికి గుండెజబ్బును గూర్చి మాటలాడు నధికార మెక్కడిదని మీరడుగవచ్చును. తెలియమి వలన ఒక పిల్లకు నేను చేసిన యపచారము నన్నీ విషయమును చదువునట్లు చేసినది. కావున ఆ సంగతియే మొదట చెప్పెదను.

సుమారు ముప్పది యేండ్ల క్రిందట నా తరగతిలో పదేండ్ల బాలిక యొకతె యుండెడిది. ఆ పిల్ల వ్రాఁత ముత్యములు గ్రుచ్చినట్లుండెడిది. ఒక వర్షాకాలమున గొంతునొప్పియు జ్వరమును వచ్చి నాలుగు దినములు బడికి రాలేదు. తల్లి మిరియాలపాలు కాఁచి యిచ్చినది, బుగ్గను కరక్కాయముక్క పెట్టినది. జ్వరము దిగినది. పిల్ల మరల బడికి వచ్చినది. అందఱమును మఱచితిమి. రెండు మూఁడు నెలలు గడచిన పిదప దాని వ్రాఁత చెడఁజొచ్చెను. అక్షరములు గీఁత దాఁటి పోవుచుండెను. పలక చేతినుండి జాఱిపడును. కూర్చున్నచోట కాలుసేతులు నిలువవు. పద్యము చెప్పు మనఁగా మొగము వంకరలు పోవును, నాలుక వెలికి వచ్చి లోనికిఁ బోవును. నన్ను వెక్కిరించుచున్నదని తలంచితిని. తండ్రిని పిలిపించి యడిగితిని. "పంతులుగారూ! పిల్ల నిదురలో నిలుకడగానే యుండునండి, మేలుకొన్నప్పుడే యీ వణఁకు" అని యాతఁడు చెప్పెను. నిదురలో లేని వణఁకు మెలకువలో వచ్చినచో అది నటనయే కదా యని నా తర్కము! తర్కశాస్త్రమును కొంత చదివితిని గదా యను గర్వము కూడ నుండెను. రెండుమాఱులు బెత్తముతో కొట్టితిని. ఆ వ్రేళ్ళు మఱింత వణఁకినవి.

నెల తిరుగకముందే ఆ పిల్లను పట్టణమందలి యాసుపత్రికిఁ దీసికొనిపోయిరి. అచటి వైద్యుఁడు రొమ్మునకు గొట్టము పెట్టి చాలసేపు వినెను. ఇది పొగరు గాదు, రోగము, నిదురలో వణఁకు నిలిచిపోవుట ఈ రోగమునకు గుఱుతే, గుండెలో నొక కవాటము కూడ చెడినది, అని యతఁడు చెప్పినట్లు తండ్రి వచ్చి నాతో ననెను. ఆతఁడు నన్నొక్క మాటయు ననలేదు. అనియున్నచో బాగుండెడిది.

ఆ వణఁకునకు కారణమైన జ్వరమును కీళ్ళవాతజ్వరమందురు. వణఁకును మాత్రము 1686 వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున థామస్ సిడెన్‌హామ్ అను వైద్యుఁడు వర్ణించి వ్రాసినందున నేఁటికిని దాని నాతని పేరిటనే పిలుచుచున్నారు. మూఁడు శతాబ్దముల నాఁడే పుస్తకమున కెక్కిన విషయము నా బడి గుమ్మమునకు రాలేదు. మన దేశమున కీళ్ళు వాచు జ్వరములు పెద్దలెఱుఁగనివి కావు. మాధవనిదానమున ఆమవాతమునకు ప్రత్యేకాధ్యాయమే కలదు. అందలి యామవాతమును నేను చెప్పు జ్వరమును ఒకటే యని నేననను. వ్యాధి క్రొత్తది కాదేమో యని మాత్రమే సూచించుచున్నాను.

ఇఁక గొంతునకును గుండెకును గల సంబంధమేమో చూతము.

గొంతునొప్పులలో పెక్కు భాగము వైరసు లను అతిసూక్ష్మములైన వానివలన వచ్చి వానియంతట నవియే పోవును. కొన్ని మాత్రము స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మక్రిమి వలన వచ్చును. ఆ పేరు పెట్టినవాఁడు వియన్నా నగరమందలి శస్త్రవైద్యుఁడు బిల్‌రోత్. అది 1874 వ సంవత్సరపు మాట. గ్రీకుభాషలో స్ట్రెప్టోస్ అనఁగా మెలివడినది, కొక్కోస్ అనఁగా గింజ. సూక్ష్మదర్శనితో చూచినచో గింజలు గ్రుచ్చిన రుద్రాక్షమాల మెలివడి పడియున్నట్లు కనఁబడును. ఒక్కొక్క గింజ మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఇంచుమించుగా నుండును. ఇందు పెక్కు జాతులు కలవు. వానిలో 'ఏ' వర్గమునకుఁ జేరినదే మన శత్రువు.

ఈ వర్గములను విడఁదీసి చూపినది ఒక స్త్రీ. ఆమె పేరు రెబెక్కా లాన్స్‌ఫీల్డ్. 1895 లో పుట్టి 1981 లో గతించినది. న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయమున దాదాపు జీవితమంతయు నీ యొక్క క్రిమినే పరిశీలించుచుఁ గడపినది. ఒక్క గ్రంథమునకే వ్యాఖ్యానము వ్రాయుచు నాయువు వెళ్ళఁబుచ్చిన మన పండితులు నాకు జ్ఞప్తికి వత్తురు. 1928 ప్రాంతమున ఆమె ఈ క్రిమి పైపొరనుండి యొక మాంసకృత్తును వేఱుపఱచి, దానికి 'ఎమ్' అను నక్షరమును పేరుగా నుంచెను. నేఁటి నా కథకంతకును ఈ ఎమ్ మాంసకృత్తే నాయకుఁడు, ప్రతినాయకుఁడు కూడ.

అది యెట్లుండును? క్రిమి మీఁద నూఁగువలె నిలిచియుండు సన్నని పోఁగు. పొడవు మిల్లీమీటరులో ఇరువదివేలవ వంతు మాత్రమే. రెండు పురులు పేనిన త్రాడువలె రెండు గొలుసులు ఒకదానినొకటి చుట్టుకొని యుండును. మొదలు క్రిమి పొరలో నాటుకొని యుండును, కొన వెలికిఁ జాఁచియుండును. ఈ త్రాడుతోనే క్రిమి మన రక్షకభటుల బారినుండి తప్పించుకొనును. రక్తమందలి తెల్లకణములు సూక్ష్మక్రిములను మ్రింగి హరించునని మీరు వినియే యుందురు. మ్రింగవలసినదానికి గుఱుతు పెట్టు ద్రవ్యములు కొన్ని మన రక్తమందే కలవు. మన శరీరమును తానే గుఱుతు పెట్టుకొని పొరపాటున నాశము చేసికొనకుండ, ఆ గుఱుతులను చెఱపు ద్రవ్యములును రక్తమందు కలవు. ఎమ్ మాంసకృత్తు ఆ చెఱపు ద్రవ్యములను పట్టుకొని తన మీఁద కప్పుకొనును. రాజముద్ర గల శాలువను దొంగ కప్పుకొని కోటలో తిరిగినట్లు! అదియుఁ గాక ఈ క్రిమిలో పెక్కింటికి పైన నొక జిగురుపొర యుండును. ఆ జిగురు మన కీళ్ళలో నుండు జిగురునకు ఏమియు భేదము లేనిది. తన యింటివాఁడే యని శరీరము దాని జోలికిఁ బోదు.

అయినను శరీరము ఊరకుండదు. కొన్ని దినములలో ఆ త్రాటి కొనను గుఱుతించి, దానికి సరిగా అతుకు ప్రతిరక్షకములను తయారు చేయును. అవి కొనకు అతికినంతనే దొంగ ముసుఁగు పనిచేయదు. తెల్లకణములు వచ్చి మ్రింగును. ఇది మంచి రక్షణ. ఒకమాఱు కలిగిన యీ శక్తి పెక్కేండ్లు నిలుచుననియు, ముప్పది యేండ్లు గడచినవారిలోను కనఁబడెననియు లాన్స్‌ఫీల్డ్ 1959 లో చూపెను. మఱి చిక్కెక్కడ ననఁగా, త్రాటి మొదలు అన్ని క్రిములలో ఇంచుమించు ఒకటియే కాని కొన మాత్రము వేఱువేఱు. ఇట్టి తెగలు 200 కు పైగా లెక్కకు వచ్చినవి. ఒక తెగను జయించిన పిల్లవానికి మఱియొక తెగ సోఁకినచో మరల నోనమాల నుండి యారంభింపవలసినదే. అందువలననే ఒక్క పిల్లకు బాల్యమున పలుమాఱులు ఈ గొంతునొప్పి వచ్చును.

ఇది యొక చిక్కు. అసలు ప్రమాదము వేఱొకటి కలదు.

వాలిసుగ్రీవుల యుద్ధము మీరందఱును ఎఱిఁగినదే. రాముఁడు చెట్టు చాటున విల్లెక్కుపెట్టి నిలిచెను. అన్నదమ్ములిద్దఱును ఒక్క పోలిక. ఎవఁడు వాలియో, ఎవఁడు సుగ్రీవుఁడో తెలియలేదు. తెలియనందున బాణము విడువలేదు. సుగ్రీవుఁడు దెబ్బలు తిని పాఱిపోయి వచ్చి నిష్ఠురములాడెను. అప్పుడు లక్ష్మణుఁడు గజపుష్పీలతను సుగ్రీవుని మెడలో వేసెను. రెండవమాఱు రామబాణము తప్పలేదు. మన శరీరమందలి సైన్యమునకు బాణమున్నది కాని, సంశయము వచ్చినపుడు ఆఁగు నోరిమి యన్నివేళల నుండదు.

క్రిమి మీఁది యెమ్ మాంసకృత్తు రెండు పురుల త్రాడని చెప్పితిని గదా. మన గుండె కండరమున మయోసిన్ అను మాంసకృత్తు కలదు. దానితోఁక భాగమును అట్టి రెండు పురుల త్రాడే. గుండె కవాటముల పొర క్రింద నుండు లామినిన్ అను మాంసకృత్తులోను అట్టి పేనిక కలదు. ఇంకను క్రిమి గోడయందలి యొక చక్కెర పదార్థమునకును కవాటమందలి పదార్థమునకును పోలిక యున్నది. క్రిమిని కొట్టుటకై చేసిన ప్రతిరక్షకములలో కొన్ని యీ పోలిక వలన గుండెకును అతుకును. 1960 తరువాతి దశాబ్దమున మెల్విన్ కప్లాన్ అను శాస్త్రజ్ఞుఁడు దీనిని చూపెను. పిమ్మట ఓక్లహామాలో మేడెలిన్ కన్నింగ్‌హామ్ ఏ ముక్క దేనిని పోలునో వివరముగా పరిశోధించెను. బ్రెజిలు దేశమున లూయిజా గిల్‌హెర్మె యనునామె, శస్త్రచికిత్సలో తీసివేసిన రోగుల కవాటములనుండి తెల్లకణములను వెలికిఁ దీసి పరీక్షింపఁగా, క్రిమి ముక్కను చూచి రేగిన కణములే గుండె మాంసకృత్తును చూచి కూడ రేగెను. పై యిరువురును స్త్రీలగుట గమనింపుఁడు. ఆడుపిల్లలకు పెద్దచదువు లేల యను వారు మన పల్లెలలో నింకను కలరు గాన చెప్పితిని.

ఇది జరుగు క్రమమును ఇంచుక సావధానముగా వినవలెను. మొదట ప్రతిరక్షకములు కవాటపు పైపొరకు అతుకుకొనును. ఆ పొర రేగి జిగటయగును. అంతవఱకు దానిమీఁదుగా జాఱిపోవుచున్న తెల్లకణములు అచట చిక్కుకొని లోనికిఁ జొచ్చును. మంచి కవాటమున రక్తనాళములు దాదాపు లేవు. ఇప్పుడు క్రొత్తనాళములు మొలచి శత్రువులకు బాట వేసినట్లగును. మాసిన పుండు మచ్చకట్టి గట్టిపడినట్లే కవాటపు రెక్కలును మందమై, అంచులు అతుకుకొనును. గుండెయందు ఎడమవైపు గదుల నడుమ నుండు రెండు రెక్కల కవాటమునకే ఈ యాపద యెక్కువ. అది రక్తమును ముందునకు పోనిచ్చి వెనుకకు రానీయని తలుపు. మొదట తలుపు సరిగా మూయఁబడక రక్తము వెనుకకు కాఱును. ఏండ్లు గడచినకొలఁది తెఱవఁబడక చేఁపనోరు వలె చిన్న సందు మాత్రము మిగులును. గుండె దినమునకు ఇంచుమించు లక్షమాఱులు కొట్టుకొనును. లక్షమాఱులును ఆ చిన్నసందుననే రక్తము దూఱవలెను. వెనుక నిలిచిన రక్తము ఊపిరితిత్తులకు ఎదురుదన్నును. మెట్లెక్కిన ఆయాసము, రాత్రి పండుకొన్న నూపిరాడకుండుట, కాళ్ళు పొంగుట క్రమముగా వచ్చును.

కీళ్ళ సంగతి వేఱు. గొంతునొప్పి తగ్గిన రెండు మూఁడు వారములకు మోఁకాలు వాచును, రెండుదినములలో అది తగ్గి చీలమండ వాచును, పిదప మోచేయి. ఇట్లు తిరుగు వాపు చాలమాఱులు ఏ గుఱుతును మిగుల్పక పోవును. ఎదుగు నొప్పులని యింటివారు నూనె రాచి యూరకుందురు. కీళ్ళను పలుకరించి పోవు నీ చుట్టము గుండెలో మాత్రము కాపురము పెట్టును.

అందఱు పిల్లలకును ఇట్లగునా? కాదు. ఈ క్రిమి వలన గొంతు చెడి చికిత్స లేని నూర్గురిలో, రోగము ముమ్మరముగా వ్యాపించినపుడు సయితము, ఇంచుమించు ముగ్గురికే కీళ్ళవాతజ్వరము వచ్చినట్లు తేలినది. వంశమున వచ్చు లక్షణములు కొంత కారణము. మాటిమాటికి క్రిమి సోఁకుట మఱియొక కారణము. ఇఱుకు గదిలో పదుగురు పండుకొను నిండ్లలో ఒకని దగ్గు మఱొకని గొంతు. ఐరోపాలోను అమెరికాలోను మందు పుట్టకముందే యిండ్లు మెఱుగుపడినకొలఁది ఈ వ్యాధి తగ్గుముఖము పట్టెను. ప్రపంచమున 2015 లో మూఁడు లక్షలకు పైగా జనులు దీనివలన మరణించిరనియు, మూఁడు కోట్లకు మించినవారు దీనితో జీవించుచుండిరనియు అంచనా. వారిలో మన దేశపువారు చాల యెక్కువ.

మఱి మశూచికమునకు వలె దీనికిని టీకా వేయరాదా యని మీకు తోఁచును. ఆ తలంపు శాస్త్రజ్ఞులకును తోఁచినది. ఎమ్ మాంసకృత్తే రక్షణ నిచ్చుచుండఁగా దానినే టీకాగా ఇచ్చినచో సరిపోవునని బోస్టను నగరమున కొందఱు వైద్యులు తలంచిరి. కీళ్ళవాతజ్వరము వచ్చినవారి తోఁబుట్టువులైన 21 మంది పిల్లలకు ఆ టీకా నిచ్చిరి. వారిలో ఇరువురికి నిస్సందేహముగను, మఱియొకరికి బహుశః యనునట్లును, ఆ జ్వరమే వచ్చెను. 1969 లో ఈ వార్తను వారే ప్రకటించిరి. టీకాయే కారణమో, అది లేకున్నను వచ్చెడిదో తేల్చి చెప్పుట కష్టమైనను, తమ ప్రయత్నము చెడినదని లోకమునకు చాటి చెప్పిన యా వైద్యులను నేను గౌరవింతును. నేను నా బెత్తమును గూర్చి చెప్పుటకు ముప్పది యేండ్లు పట్టినది. 1979 లో అమెరికా ప్రభుత్వము ఈ క్రిమినుండి తీసిన దేనిని టీకాలలో వాడరాదని నిషేధించినది. 2006 వఱకు ఆ నిషేధము నిలిచినది. ఇప్పుడు పరిశోధకులు గుండెను పోలు భాగములను విడిచి, కొనలందలి చిన్నముక్కలను ముప్పదింటిని గ్రుచ్చి యొక టీకా చేయఁజూచుచున్నారు. ఆస్ట్రేలియాలో మఱికొందఱు మొదటి భాగమందలి ఒక్క చిన్నముక్కనే యేఱుకొనిరి. ఏదియు నింకను జనులకు అందుబాటులోనికి రాలేదు.

టీకా లేకున్నను మందున్నది. అది పాతదియే. పెనిసిలిన్. అమెరికాలోని వయోమింగు రాష్ట్రమున వైమానికదళపు బిడారు నందు గొంతు చెడిన సైనికులకు పెనిసిలిన్ నిచ్చినచో కీళ్ళవాతజ్వరము చాలవఱకు రాకుండునని 1950 లో ప్రకటించిరి. గొంతునొప్పి మొదలైన తొమ్మిది దినములలోపల మందు పడినను గుండెను కాపాడవచ్చును. తొమ్మిది దినములు! ఎద్దులబండి మీఁద పోయినను ఆసుపత్రి చేరవచ్చును. ఎన్నో క్రిములు ఎన్నో మందులను ధిక్కరింప నేర్చినవి కాని, ఈ క్రిమికి పెనిసిలిన్‌ను ధిక్కరించు విద్య నేఁటికిని అలవడలేదు.

ఏ గొంతునొప్పికి పరుగెత్తవలెనని తల్లు లడుగుదురు. ఐదేండ్లకును పదునైదేండ్లకును నడుమ వయస్సు గల పిల్లలకు, దగ్గును జలుబును లేకయే, హఠాత్తుగా జ్వరము వచ్చి, మ్రింగుటకు నొప్పి కలిగి, దవడ క్రింద బిళ్ళలు కట్టి, గొంతున నెఱ్ఱదనమును తెల్లని మచ్చలును కనఁబడినచో ఆ దినమే వైద్యునికి చూపవలెను. ముక్కు కాఱుచు, దగ్గుచు, గొంతు బొంగురు పోయినచో అది సాధారణముగా వేఱు జాతి. వైద్యుఁడు పది దినములు మాత్రలు వాడు మన్నచో పది దినములును వాడవలెను. మూఁడవ నాఁడు జ్వరము తగ్గినదని మాత్రలను గూటిలో పెట్టరాదు. సూదిమందైనచో ఒక్కటి చాలును. కొందఱికి పెనిసిలిన్ పడదు. పూర్వము దద్దురులు లేచియుండినచో ముందుగానే చెప్పవలెను. ఇంట మిరియాలపాలు వలదని నేననను. అవి గొంతునకు హాయి, క్రిమిని చంపవు.

ఒకమాఱు ఈ జ్వరము వచ్చినవారికి మరల గొంతు చెడినచో గుండె మఱింత చెడును. కావున మూఁడు నాలుగు వారముల కొకమాఱు పెనిసిలిన్ సూదిమందు ఏండ్ల తరబడి వేయుదురు. గుండెకు దెబ్బ తగలనివారికి ఐదేండ్లు, లేదా 21 యేండ్లు నిండువఱకు, ఏది యెక్కువైన నది. కవాటము చెడి నిలిచినవారికి పదియేండ్లు, లేదా 40 యేండ్ల వయస్సు వచ్చువఱకు, ఒక్కొక్కయెడ జీవితాంతము. ఎవరికెంతయో వైద్యుఁడు నిర్ణయింపవలెను. ఆ సూది చాల నొప్పి. పిల్లలేడ్తురు, తండ్రులు జాలిపడి మానిపింతురు.

నా శిష్యురాలి వణఁకు కొన్ని నెలలలో పూర్తిగా పోయెను. ఆ వణఁకు చాలమాఱులు అట్లే పోవును. గుండె మచ్చ పోలేదు. పెండ్లి వఱకు సూదిమందులు సక్రమముగా సాగెను. వరునివారికి తెలిసినచో సంబంధము తప్పునని పెద్దలు దాఁచిరి. దాఁచినందున అత్తవారింట సూది వేయించుకొనుట కుదురలేదు. రెండేండ్లు తప్పిపోయెను. కడుపుతో నున్నపుడు ఏడవ నెలలో నడురాత్రి ఊపిరాడక లేచి కూర్చుండినదట. గర్భిణులకు రక్తము హెచ్చును గాన ఇఱుకైన కవాటము ఆ సమయముననే బయటపడును. పెద్ద యాసుపత్రిలో తొడయందలి సిరగుండా సన్నని గొట్టము నంపి, దాని కొననున్న చిన్న బుడగను కవాటపు సందున నుబ్బించి, అతుకుకొన్న రెక్కలను విడఁదీసిరి. రొమ్ము కోయలేదు. ఈ యుపాయమును కనిపెట్టి 1984 లో ప్రకటించినవాఁడు జపాను దేశస్థుఁడు ఇనౌయె. తల్లియు బిడ్డయు బ్రదికిరి. అత్తగారే యిప్పుడు సూది దినమును పంచాంగమున గీఁత గీసి పెట్టుచున్నదఁట. ముందే చెప్పియున్నచో మేమేమైన మ్రింగుదుమా యని యామె నాతో ననెను.

నేఁడామెకు నలువదేండ్లు. పోయిన భాద్రపదమున చిన్నకొడుకునకు గొంతు వాచి జ్వరము వచ్చెనఁట. ఆ సాయంకాలమే నడిపించుకొని ఆసుపత్రికిఁ గొనిపోయి, తన సంగతియు చెప్పి, మందు వేయించి, మఱునాఁడు నాకు వార్త పంపినది. "మాస్టారూ, ఈసారి కరక్కాయతో నాఁగలేదండి" అని చీటీలో వ్రాసినది. ఆ చీటీ నా పుస్తకమున నున్నది. నాకిచ్చిన కాలము ముగిసినది, సెలవు.